యుమికో గారు నెమ్మదిగా పాడిన పాట

2009వ సంవత్సరం. మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, పిల్లల ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో నేను పనిచేస్తున్న రోజులు. మావాళ్ళ పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అని అడగడం, నేను చెప్పగానే "అంటే మసాజా?" అంటూ తమ నడుం చూపించడం నాకు అలవాటైపోయింది. ఎముక అతుక్కున్నాక మనిషిని మళ్ళీ నడిపించే పని మాది. ఎముక సంగతి డాక్టర్ చూసుకుంటారు. నడవాలనే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయలేదు. ఆ సంగతి నాకు ఆద్య అనే పిల్ల, యుమికో అనే జపాన్ తల్లి నేర్పారు. పేర్లు మార్చాను, మా వృత్తిలో అది తప్పదు.

ఆద్యకు ఐదేళ్ళు. పార్క్‌లో ఆడుకుంటూ కిందపడి ఎడమ తొడ ఎముక విరిగింది. ఆ వయసు పిల్లలకు నడుం నుంచి పాదం దాకా పెద్ద కట్టు వేస్తారు. దాన్ని స్పైకా కాస్ట్ అంటారు. వారాల తరబడి అలా పడుకుని ఉన్న పిల్లకు కట్టు విప్పారు. ఎక్స్‌రే బాగుంది, బరువు మోపవచ్చని డాక్టర్ రాసిచ్చారు. పిల్ల మాత్రం ఎడమ పాదాన్ని నేలకు తగలనివ్వలేదు. వాకర్ పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద నిలబడేది. బతిమాలినా, బుజ్జగించినా ససేమిరా.

వాళ్ళమ్మ సుష్మది ఖమ్మం. నేను తెలుగుదాన్నని తెలియగానే "అక్కా" అని వరస కలిపేసింది. 

"ఇంట్ల కూడా గంతే అక్కా. బాత్రూమ్‌కి కూడా ఎత్తుకోమంటది. ఈయన జాబ్ ఎన్ని రోజులుంటదో తెల్వదు. ఇన్సూరెన్స్ ఉన్నప్పుడే నడిస్తే బాగుండు," అంది ఒకరోజు, పిల్లకు వినబడకుండా.

ఆమె కంగారులో అర్థం ఉంది. ఆ ఏడు డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలన్నిటిలోనూ లేఆఫ్ మాటే. ఆద్య నాన్న హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది, ఆ వెనకే సామాన్లు సర్దుకోవాలి. ఉద్యోగం ఉన్నా, పిల్లలో మెరుగుదల కనిపించకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు థెరపీకి ఇక అనుమతి ఇవ్వరు. అన్నిటికన్నా పెద్ద భయం నాది. వాడని కాలు రోజురోజుకీ సన్నబడుతోంది. కుంటి నడక ఒకసారి అలవాటైతే మానిపించడం చాలా కష్టం.

మనవాళ్ళు ధైర్యం చెప్పే పద్ధతి మీకు తెలిసిందే. సుష్మ కెమెరా పట్టుకుని ఎదురుగా కూర్చునేది. "ఒక్క స్టెప్ వేయి బంగారం, డాడీకి చూపిద్దాం. బార్బీ కొనిస్త." నేను చప్పట్లు, నాకు తోడు మా అసిస్టెంట్ చప్పట్లు. మేమెంత గోల చేస్తే ఆద్య అంత బిగుసుకుపోయేది. 

"ఆంటీ, ఐ కాంట్. అందరూ నన్నే చూస్తున్నారు," అని ఆ పిల్ల ముందే చెప్పింది కూడా. అప్పట్లో అది మా బుర్రకెక్కలేదు.

అదే సమయానికి క్లినిక్‌కి ఇంకో పిల్లాడు వచ్చేవాడు. పేరు కెంజి. వాళ్ళ నాన్నను జపాన్ నుంచి ఒక కార్ల కంపెనీ నాలుగేళ్ళ పని మీద పంపింది. వాడు మునివేళ్ళ మీదే నడుస్తాడు. వాడికి నేర్పవలసింది హీల్ స్ట్రైక్, అంటే అడుగు వేసినప్పుడు ముందు మడమ నేలకు ఆనడం. వాళ్ళమ్మ యుమికో గారు మాట్లాడేది తక్కువ. వచ్చేటప్పుడు చిన్న సీడీ ప్లేయర్ తెచ్చుకునేది. అందులో హుషారైన జపనీస్ పాప్ పాటలు. ఒక్కో దరువుకీ కెంజి మడమతో నేలను దబ్బుమని కొట్టాలి. వాడికది మహా సరదాగా ఉండేది. మా రిసెప్షనిస్ట్‌కి మాత్రం తలనొప్పి.

ఒకరోజు ఆద్య తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని కెంజిని చూస్తోంది. నేను సుష్మతో ఏదో చెబుతూ యథాలాపంగా కిందికి చూశాను. ఆద్య ఎడమ పాదం నేల మీద తాళం వేస్తోంది. అదే పాదం. ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు. సుష్మ కూడా చూసింది, అరవబోయింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను.

తల్లులిద్దరినీ అడిగి, ఒప్పుకున్నాక, మరుసటి వారం ఇద్దరు పిల్లల్నీ కలిపి నిలబెట్టాను. కెమెరా లోపల పెట్టించాను. సీడీ మొదలైంది. ఆద్య వాకర్ పట్టుకుని లేచింది, ఎడమ పాదం కాస్త ముందుకు జరిపింది. అంతలోనే పాట రెండో చరణంలోకి దూకేసింది. ఆ పిల్ల అందుకోలేకపోయింది. ముఖం చిన్నబోయి, కూర్చుండిపోయింది. 

నడకలో నిమిషానికి ఎన్ని అడుగులు పడతాయో దాన్ని మేం కేడెన్స్ అంటాం. పాటతో నడిపించాలంటే పాట వేగం పిల్ల కేడెన్స్‌కి దగ్గరగా ఉండాలి. ఇదేమో గంతులేసే పిల్లల పాట. ఇంకో పాట వెతుకుదామని నేను లేవబోతుండగా యుమికో గారు సీడీ ఆపేసింది. చెవులదాకా ఎర్రబడిన ముఖంతో ఆద్యకు వీపు తిప్పి నిలబడి, కెంజి పాదాల వైపు చూస్తూ అదే పాట తనే అందుకుంది.

ఎంత నెమ్మదిగా పాడిందంటే, అది హుషారు పాటని ఎవరూ అనుకోరు. వెనక వాకర్ టక్కుమన్న చప్పుడు వినిపించాకే తర్వాతి మాట అందుకునేది. మధ్యలో ఆద్య ఆగిపోయింది. యుమికో గారు వెనక్కి తిరగలేదు, ఆ మాటను అలాగే సాగదీస్తూ ఉంది. ఆమె ఊపిరి ఎక్కడ అయిపోతుందోనని నాకు కంగారు. అప్పుడు వాకర్ మళ్ళీ టక్కుమంది. ఆద్య ఎడమ పాదం నేలకు పూర్తిగా ఆనింది. గది చివరిదాకా నడిచింది. సుష్మ చున్నీని పమిటలా నోటికి అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. ఈసారి ఎవ్వరం చప్పట్లు కొట్టలేదు.

పిల్లలిద్దరూ నీళ్ళు తాగుతుంటే ఆ పాటకు అర్థమేమిటని అడిగాను.

"గెలవమని అందులో ఎక్కడా ఉండదు," అంది యుమికో గారు తన మెల్లని ఇంగ్లీషులో. "ఏడుపొస్తే ఏడువు, ఇంకొంచెం దూరం కలిసి వెళ్దాం అని ఉంటుంది. మా స్కూల్లో పరుగు పందేలప్పుడు ఇలాంటి పాటలే పెట్టేవాళ్ళు. ఆఖరి పిల్ల గీత దాటేదాకా మా టీచర్ పాట ఆపేది కాదు."

"మంచి టీచరే."

"నేనే ఆ ఆఖరి పిల్లని," అని నవ్వింది. ఆద్య నీళ్ళు తాగడం ఆపి ఆమెనే చూస్తోంది.

ఆ వేసవి ముగిసేలోగా ఆద్య వాకర్ వదిలేసింది. వాళ్ళ నాన్న ఉద్యోగమూ నిలిచింది. కెంజి మడమలు నేలకు దిగాయి. ఇద్దరినీ డిశ్చార్జ్ చేశాను. ఆ తర్వాత కూడా ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు సాగాయి. "తెలుగు పద్యం ఒక్కటి రాదుగానీ జపాన్ పాటలు గడగడ పాడుతది," అని సుష్మ ఫోన్‌లో ఫిర్యాదు చేసేది. ఆ ఫిర్యాదులో ఎంత మురిపెమో.

2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. యుమికో గారి అమ్మ ఉండేది అక్కడి సముద్రపు ఒడ్డునే. ఫోన్ కలవడం లేదు. సుష్మ నాకు ఫోన్ చేసింది. "పోదాం అక్కా. ఏం మాట్లాడాల్నో తెల్వదు. పులిహోర చేసిన." 

ఆద్యనూ తీసుకుని వెళ్ళాం. యుమికో గారు వంగి నమస్కరించింది, చెప్పులు సర్దింది, టీ ఇచ్చింది. టీవీలో శబ్దం లేకుండా నీళ్ళు, నీళ్ళు. "ఏం కాదులెండి" అనబోయి మానేశాను. నాకేం తెలుసని అనాలి?

అప్పుడు ఆద్య లేచి నిలబడి ఆ పాట మొదలుపెట్టింది, సీడీలో ఉన్న వేగంతోనే, ఎడమ కాలితో నేలను కొడుతూ. యుమికో గారి పెదవులు కదిలాయి, రెండో మాట దగ్గర ఆగిపోయాయి. ఆద్య వేగం తగ్గించింది. ఆమె ముఖం వైపు చూడకుండా, తన పాదాల వైపు చూసుకుంటూ, ఆ మాటను అలాగే పట్టుకుని సాగదీసింది. యుమికో గారు ఏడుస్తూ అందుకుంది. పాట చివరిదాకా ఇద్దరూ అలాగే వెళ్ళారు.

యుమికో గారి అమ్మ క్షేమంగా ఒక బడిలో తలదాచుకుందని కొన్నాళ్ళకు కబురొచ్చింది. ఆ రోజు ఫోన్‌లో యుమికో గారూ నేనూ ఇద్దరం ఏడ్చాం.

ధైర్యం చెప్పడమంటే గట్టిగా అరవడమని అనుకునేదాన్ని. ఇప్పుడు ముందు పిల్ల అడుగు చప్పుడు వింటాను, ఆ తర్వాతే పాట. ఆ వినడం నేర్పినందుకు యుమికో గారికి నేను జన్మంతా రుణపడి ఉన్నాను. ఆద్యకు కూడా. ఆ రోజు యుమికో గారింటి నుంచి తిరిగొస్తూ కార్‌లో, "పాట ఎందుకు స్లో చేశావే?" అని అడిగాను.

"ఆంటీ, యుమికో ఆంటీ ఇంకా రాలేదు కదా," అంది వెనక సీట్లోంచి. "లాస్ట్ కిడ్ వచ్చేదాకా సాంగ్ స్టాప్ చేయకూడదు."