దిక్సూచితో సముద్రాన్ని తప్పిన వైనం

ఎద్దు తప్పిపోవచ్చు. తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోవచ్చు. ఈ వయసులో నా కళ్ళజోడు నా ముక్కు మీదే ఉండి రోజుకు రెండుసార్లు తప్పిపోతుంది. కానీ సముద్రాన్ని తప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ మనిషిని నేనే. అదీ ఏ మెట్ట ప్రాంతంలోనో పుట్టినవాణ్ణయితే పోనీ అనుకోవచ్చు. కోనసీమలో పుట్టి, మా ఊరికి నాలుగు కోసుల దూరంలో ఉన్న సముద్రాన్ని, చేతిలో దిక్సూచి పెట్టుకుని మరీ తప్పాను. ఒక్కణ్ణే తప్పి ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. నా వెంట మా మామ్మ ఉంది. అందుకని మిమ్మల్ని నవ్విస్తాను గానీ, నేను చివరిదాకా నవ్వుతానని మాత్రం మాట ఇవ్వలేను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. రాజమండ్రిలో కాలవల పని చూసే ఒక ఓవర్సీరు గారి దగ్గర సర్వే నేర్చుకుంటున్నాను. మొదటి నెలంతా కొలత గొలుసు మోశాను. రెండో నెల జెండా కర్ర పట్టుకుని ఎండలో నిలబడ్డాను. మూడో నెలలో దిక్సూచి దగ్గరికి రానిచ్చారు. ఆయన దాన్ని ముక్కాలి కర్రల మీద బిగించేవారు. మేము చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూడాలి. వేలు దిక్సూచికి తగిలితే బెత్తం వేలికి తగిలేది. సూది ఉత్తరం చూపిస్తుంది, దాన్నిబట్టి మనం పోవలసిన దిక్కు తేల్చుకోవాలి, ఆ గీత వదలకుండా నడవాలి. విద్య అంతే. దగ్గరలో ఇనుము ఉంటే సూది అటు తిరిగిపోతుందని, అప్పుడు దాన్ని నమ్మితే కొంపలు మునుగుతాయని కూడా చెప్పారు. అది నేను చాలా శ్రద్ధగా విన్నాను. శ్రద్ధగా విన్న ముక్కే నన్ను ముంచింది.

పుష్యమాసం చివర ఇంటికి వెళుతుంటే, సాధన చేసుకోమని ఆయన ఒక చిన్న ఇత్తడి దిక్సూచి ఇచ్చారు. అరచేతిలో ఇమిడిపోయేది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంటారు. నాకు దిక్సూచి వచ్చాక మా ఇంట్లో వంటగది ఏ దిక్కునుందో కూడా అమ్మకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళుగా అందులోనే వండుతున్న మనిషికి.

ఆ ఏడు అర్ధోదయం వచ్చింది. పుష్య అమావాస్య, ఆదివారం, శ్రవణా నక్షత్రం, వ్యతీపాత యోగం, నాలుగూ ఒక్క పొద్దున కలిస్తే వచ్చే పర్వం అది. పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో ఒకసారి వస్తుంది. ఆ పూట సముద్రస్నానం చేస్తే కోటి పుణ్యమంటారు. మామ్మ జీవితంలో అప్పటికి రెండుసార్లు వచ్చిపోయింది. మొదటిసారి మా నాన్నను కని పురిటి మంచంలో ఉంది. రెండోసారి తాతయ్య జబ్బుతో మంచంలో ఉన్నాడు. తోటి ఆడవాళ్ళంతా వెళ్ళి స్నానం చేసి వచ్చి, ఆ కబుర్లు ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంటే మామ్మ వింటూ కూర్చునేది. డెబ్బై దాటిన మనిషి. మళ్ళీ అర్ధోదయం వచ్చేనాటికి తను ఉండదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. నాలుగు కోసుల దూరంలో బతికి కూడా ఆమె సముద్రాన్ని ఒక్కసారి చూడలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళను ఊరికే సముద్రం చూడ్డానికి ఎవరు తీసుకెళతారు?

నాన్నకు కుప్పనూర్పుల హడావిడి. మామ్మను తీసుకెళ్ళే పని నాకప్పగించి, దారి చూపించడానికి సత్తెయ్యను కుదిర్చాడు. సత్తెయ్య మాకు ఎండుచేపలు తెచ్చిచ్చే పల్లెకారు మనిషి, అరవై ఏళ్ళవాడు. ముందురోజే మేము పడవలో వాళ్ళ పల్లెకు చేరుకున్నాం. అక్కడికి సముద్రం కోసున్నర దూరం. మధ్యలో ఉన్నదంతా పర్ర, అంటే ఉప్పు తేలిన బురద నేల. దానికి ఒక పక్కన సముద్రపు పోటు ఎక్కే ఉప్పుటేరు. ఆరు ఘడియల పొద్దెక్కేలోగా, అంటే పొద్దుపొడిచాక సుమారు రెండున్నర గంటల్లోగా, స్నానం అయిపోవాలని మా పురోహితుడు చెప్పి పంపాడు. మామ్మకు డోలీ, మోయడానికి ఇద్దరు బోయీలు.

తెల్లారి లేచి చూస్తే పాలకుండ బోర్లించినట్టు మంచు. పక్క మనిషి కనపడడు. పల్లెలో ఆడవాళ్ళంతా ఒకరి కొంగు ఒకరు పట్టుకుని గట్టు వెంట వెళ్ళిపోయారు. మేమూ గట్టు వెంటే పోదామన్నాడు సత్తెయ్య. గట్టు చుట్టూ తిరిగి పోతుందని, నా దగ్గరున్న పటం ప్రకారం ఆగ్నేయంగా పర్రకు అడ్డంపడి పోతే సగం సేపట్లో చేరతామని నేను ప్రకటించాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఉలిపికట్టెకైనా ఏదో తోవ తెలిసి ఉంటుంది గానీ, నాకు సూది తప్ప ఏమీ తెలియదు.

సత్తెయ్య తన పాదం చూపించాడు. "పర్రలో దారి కాలికి తెలుత్తాదండి చిన్నబాబుగారూ. మెత్తగా దిగిందంటే ఏటి వైపండి, గరుగ్గా తగిలిందంటే సముద్రం వైపండి. పైగా హోరుంది కదండి, చెవి ఒగ్గితే చాలండి."

"చెవులూ కాళ్ళూ నమ్ముకుంటే విలాయతు ఓడలు మన కాకినాడ రేవుకు వచ్చేవేనా సత్తెయ్యా?" అన్నాను.

పాపం, అతనికి విలాయతు సంగతి ఏం తెలుసు? ఊరుకున్నాడు. అంతటితో నేను ఊరుకోలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. ఇనుము ముక్క ఏదీ వెంట ఉండకూడదని ఆజ్ఞ జారీ చేశాను. సత్తెయ్య మొలలో కత్తి తీసి గుడిసెలో పెట్టించాను. బోయీల కత్తులు పెట్టించాను. డోలీకి ఉన్న ఇనుప కొక్కేలు ఊడదీయించి తాళ్ళతో కట్టించాను. ఆ ముళ్ళు వదులై మామ్మ దారిలో రెండుసార్లు జారింది. చివరికి మామ్మ అడకత్తెర కూడా అడిగాను. వక్క లేకపోతే ఆమెకు మాట కూడా పెగలదు. అయినా ఒక్క క్షణం చూసి, ఒడిలోంచి తీసి ఇచ్చేసింది. "నీ చదువుకు అడ్డమయితే నాకెందుకులేరా" అంది.

బయలుదేరాం. ముందు నేను, కొత్త కోటు, చాచిన కుడి అరచేతిలో దిక్సూచి. హారతి పళ్ళెం మోస్తున్న పూజారిలా నడిచాను. నా వెనక డోలీ, దాని వెనక సత్తెయ్య. దారి తెలిసినవాణ్ణి అన్నిటికన్నా వెనక పెట్టిన ఊరేగింపు మాదొక్కటే అయి ఉంటుంది.

కొంతదూరం పోయాక సత్తెయ్య మెల్లగా, హోరు కుడిచేతి వైపు వినపడుతోందని చెప్పాడు. మంచులో చప్పుడు మోసం చేస్తుందని చెప్పాను. ఇంకొంత దూరం పోయాక హోరు ఇంకా కుడివైపే ఉందన్నాడు. సూదికి చెవులు లేవు కాబట్టే అది మోసపోదని చెప్పాను. ఈ మాట నాకే ఎంత నచ్చిందంటే, రాజమండ్రి వెళ్ళాక ఓవర్సీరు గారికి చెప్పాలని గుర్తుపెట్టుకున్నాను. బోయీల కాళ్ళు పిక్కల దాకా దిగుతున్నాయి. మెత్తటి నేల ఏటి వైపని సత్తెయ్య నాకు పొద్దునే చెప్పాడు గదా. విన్నవాడెవడు?

డోలీలోంచి మామ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "పొద్దెంతయిందిరా సూరీ?"

"బోలెడు టైముంది మామ్మా."

ఏముంది టైము? మంచులో పొద్దే కనపడలేదు. నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు, అంతే.

మంచు విచ్చేసరికి మా ఎదురుగా నీళ్ళున్నాయి. "అదిగో మామ్మా" అని అరవబోయి ఆగిపోయాను. నీళ్ళకు అవతల మడచెట్లు, చెట్ల మధ్య బురదలో ఎండ కాచుకుంటున్న గేదెలు. అది ఉప్పుటేరు. ఇంతసేపూ మేము సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని దాని పక్కనే ఈశాన్యంగా నడుచుకుంటూ వచ్చాం. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించకుండా అరుగు పక్కనుంచి పోయినట్టు. సూర్యుడు చెట్ల పైకి వచ్చేశాడు. అక్కణ్ణుంచి సముద్రానికి ఎంత పరుగెత్తినా గంట పైనే పడుతుంది. ఆరు ఘడియలు నిండడానికి ఇంక ఒక్క ఘడియైనా లేదు.

దిక్సూచి చెడిపోయిందన్నాను. మరేమంటాను?

సత్తెయ్య చెయ్యి చాపితే ఇచ్చాను. అతని అరచేతిలో పడగానే సూది గిర్రున తిరిగి వేరే వైపు నిలబడింది. నేను తీసుకున్నాను, మళ్ళీ మొదటి వైపుకే తిరిగింది. సత్తెయ్య సూదిని చూడ్డం మానేసి నా కోటు చేతి కిందకు చూశాడు.

"మా కత్తులన్నీ గుడిసెలో పెట్టించారు కదండి," అన్నాడు చాలా మర్యాదగా, "మరి అదేంటండి?"

అది నా కడియం. బొటనవేలంత లావు ఇనుప కడియం. నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. నన్నైనా దక్కించుకోవాలని మామ్మ మొక్కుకుని, పురిట్లోనే ఇనుప కడియం తొడిగింది. నేను పెరిగిన కొద్దీ కమ్మరి చేత మార్పిస్తూ వచ్చింది. అది నా ఒంటి మీద ఉందన్న సంగతే నాకు గుర్తుండదు. మనకు ముక్కుందని మనం అనుకుంటూ తిరుగుతామా? ఓవర్సీరు గారి దగ్గర చేతులు వెనక్కి కట్టుకునేవాణ్ణి కాబట్టి అక్కడ ఎప్పుడూ తేడా రాలేదు. నలుగురి ఒంటి మీదా ఇనుము వెతికి తీయించిన మహానుభావుణ్ణి, దిక్సూచికి బెత్తెడు దూరంలో నా ఇనుము నేను మోసుకుంటూ వచ్చాను.

నేను ఆ బురదలో కూలబడి ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళవాణ్ణి, కోటు వేసుకున్నవాణ్ణి.

మామ్మ డోలీ దిగి వచ్చింది. "తొడిగింది నేనే కదరా. నీ తప్పేముంది," అంది. "అది నిన్ను నాకు దక్కించింది. అంతకన్నా పుణ్యం ఉందా?"

సత్తెయ్య ఏట్లోకి దిగి దోసిట్లో నీళ్ళు తీసి నాలుక మీద వేసుకున్నాడు. "అమావాస్య పోటండి మామ్మగారూ. ఈ నీరు సముద్రందేనండి, ఇప్పుడే లోపలికొచ్చింది. మునగండి." ఆ మాట శాస్త్రమో, జాలో నాకు తెలియదు. ఆమె మోకాలి లోతు బురదనీళ్ళలో, నా భుజం పట్టుకుని, మూడు మునకలు వేసింది. పైకి వచ్చేసరికి వణికిపోతోంది. సముద్రం చూసి పోదామని నేనన్నాను గానీ, అప్పటికే ఆమెకు ఒళ్ళు కాలుతోంది. ఇంటిదారి పట్టాం. ఈసారి సత్తెయ్య ముందు, నేను వెనక.

మర్నాడు ఊళ్ళో స్నానానికి వెళ్ళలేకపోయిన ఆడవాళ్ళంతా పుణ్యం చేసుకొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చారు. నేను గదిలో తలుపు చాటున నక్కాను. సముద్రం ఎలా ఉందని అడిగారు. మామ్మ జన్మలో అబద్ధమాడని మనిషి. దుప్పటి కప్పుకుని కూర్చుని, "ఏం చెప్పనమ్మా, మా మనవడు యంత్రం పట్టుకుని తిన్నగా తీసుకెళ్ళి ముంచాడు" అంది. ముంచానన్నది మాత్రం నిజమే.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్ సూరీ, సముద్రానికి అవతలి గట్టు కనపడుతుందా? రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కదా."

"కనపడదు మామ్మా."

"అసలే?"

"అసలే కనపడదు."

నిజం చెప్పొద్దూ, అప్పటికి నేనూ సముద్రాన్ని చూడలేదు.

జ్వరం తగ్గాక ఎన్నిసార్లు రమ్మన్నా ఆమె రాలేదు. ఇప్పుడు సముద్రం చూడ్డానికి వెళితే మొన్న చూడలేదని ఊరికి తెలిసిపోతుందట, నాకు నామోషీ అట. మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ అడిగినవాళ్ళందరికీ అవతలి గట్టు కనపడని నీళ్ళ గురించి వర్ణించి చెప్పింది. నేను పక్కనే కూర్చుని తలూపాను.

కాబట్టి సకల దిక్పాలకుల సాక్షిగా నేను చేసిన ప్రమాణమేమంటే: మామ్మను వెంటబెట్టుకుని నడిచేటప్పుడు ఏ యంత్రాన్నీ నమ్మను, దారి తెలిసినవాడి వెనకే నడుస్తాను, హోరు కుడివైపు వినపడితే కుడివైపుకే తిరుగుతాను. నలభై ఏళ్ళయింది, ఈ ప్రమాణం ఒక్కసారి కూడా తప్పలేదు. ఎలా తప్పుతాను? వెంటబెట్టుకుని నడవడానికి నాకు ఉండేది ఆ ఒక్క మామ్మే.