జెండా పేజీ వరకే చాలంట

ఆ రోజు నెల్లూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఇంగ్లీషు టీచరమ్మ కోపంతో ఊగిపోతా ఉంది. తొమ్మిదో తరగతికి ఆమె ఎంచుకున్న యుద్ధం కథలో సిపాయి చచ్చిపోతాడంట. పిల్లలు భయపడతారు, జెండా ఎగరేసే పేజీ వరకే చెప్పమన్నాడంట హెడ్మాస్టరు.

“చావుల్లేని యుద్ధమా? చేపల్లేని చేపల పులుసు మాదిరుందే మేడమ్!” అన్నాను. ఏడో తరగతిలోనే ఇంగ్లీషుకు దణ్ణం పెట్టి బయటపడినోణ్ణి నేను.

ఆమె నవ్వలేదు. “మిలిటరీలో చేరిన మా తమ్ముడు పెట్టెలో వచ్చినాడన్నా. వాడికీ బళ్లో జెండా పేజీయే చెప్పినారు.”

నాకు ఒళ్లు మండింది. మా మైపాడులో చేపల వేటకు పోయిన పడవ తిరిగి రాకపోతే పిల్లల్ని ఇంట్లో దాచం. ఒడ్డున మా పక్కనే నిలబెట్టుకుంటాం.

“మిగతా పేజీలు నాకు చెప్పు తల్లీ,” అన్నాను.

ఆమె తెలుగులో చెప్తా ఉంటే నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కండక్టరు అరిచినాడు.

“ఇంకో టికెట్ కొట్టన్నా,” అన్నాను. “సిపాయి ఇంకా బతికే ఉన్నాడు.”