లెక్కల పేపరూ, బెల్లం పెనమూ

నా చిన్నప్పుడు ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్షలుండేవి. రాష్ట్రమంతటికీ ఒకటే పేపరు. మా ఊరి పిల్లలం బస్సెక్కి చోడవరం సెంటరుకి వెళ్ళి రాసేవాళ్ళం. తప్పితే బడి మాన్పించి చెరుకు చేలోకి పంపిస్తానని మా నాన్న ముందే చెప్పేసేడు. అన్నంత పనీ చేసే మనిషి.

లెక్కల పేపరు రాసి వస్తూ బస్సులో అందరం జవాబులు సరిచూసుకున్నాం. అదే నా కొంప ముంచింది. నావి ఒక్కటీ ఎవరితోనూ కలవలేదు. ఇంక నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! ఇంట్లోకి, వీధిలోకి, మళ్ళీ ఇంట్లోకి. మర్నాడు సైన్సు పరీక్ష ఉన్నా పుస్తకం ముట్టుకోలేదు. ఎలాగూ పోయింది కదా, ఇంకెందుకు రాయడం అనుకున్నాను.

గానుగ దగ్గర మా తాతయ్య బెల్లం వండుతున్నాడు. పెద్ద పెనం నిండా చెరుకు రసం కుతకుతలాడుతోంది. "లెక్కలు పోయేయి తాతా, రేపు పరీక్షకి నేనెళ్ళను" అని చెప్పేసేను. ఆయన విని, తెడ్డుతో కాస్త పాకం తీసి, గిన్నెలో నీళ్ళలో వేసి, "సూడే గుంటా, ఉండ కట్టిందేటి?" అన్నాడు. పట్టి చూసేను. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"లేదు తాతా. పాకం రాలేదు."

"రాలేదా? అయితే పారబోసేద్దాం. పట్టు!" అంటూ లేచి, గోనె గుడ్డతో పెనం చెవి పట్టుకున్నాడు.

ఆ చెరుకు మీద ఏడాదంతా ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లు నాకు తెలీవా? ఆయన చెయ్యి పట్టుకుని లాగేసేను. "మతి పోయిందేటి తాతా? ఇంకాస్త మంట పెడితే అదే వస్తాది!"

తాతయ్య తాపీగా కూర్చుని, ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలోకి ఎగదోసేడు. "మరి నీకేటొచ్చిందే? ఒక్క సుక్క సూసి నిన్ను నువ్వే పారబోసుకుంటన్నావు!"

కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పొయ్యి పక్కనే కూర్చుని సైన్సు చదివేను.

లెక్కలు నిజంగానే తప్పేను. నాన్న నా సంచీ తీసి అటక మీద పడేస్తుంటే తాతయ్య అడ్డం వచ్చేడు. "పాకం రాలేదురా, అంతే. ఇంకాస్త మంట పెడదాం, మళ్ళీ రాయనీ" అన్నాడు. మిగతావన్నీ పాసయ్యేను కాబట్టి ఆ ఒక్కటే మళ్ళీ రాసి గట్టెక్కేను.

ఇప్పుడు నా మనవరాలు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. దానికంటే నాకే కుదురు లేదు. గుమ్మంలో నిలబడి వచ్చే పోయే ఆటోలు చూస్తుంటాను. అది దిగగానే ఎలా రాశావని అడగబోయి నాలుక కరుచుకుంటాను. దాని చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టి, "రేపేటి పరీక్షే?" అని మాత్రం అడుగుతాను.