మా అత్త యూరియా మానేసిన సంవత్సరం

మా మేనత్త పోయిందని పెద్దపంజాణి దగ్గరి మా ఊరి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మదనపల్లెలో, నా అంగడిలో ఉన్నాను. బెంగళూరు నుంచి కారులో వచ్చిన ఒకామెకు ఆర్గానిక్ అంటే ఏమిటో వివరిస్తున్నాను. ఆమె చేతిలోని రాగులు అత్త చేనివే. అమ్మేశాకే బయల్దేరాను. ఎంత సిగ్గులేనివాణ్ణో మీకు మొదటే తెలియడం మంచిది.

సేంద్రియ వ్యవసాయం అనే మాట నేను కుప్పంలో ఒక శిక్షణ తరగతిలో నేర్చుకున్నాను. నూరేళ్ల కిందట ఒక తెల్లదొర మనకు సేద్యం నేర్పడానికి వచ్చి, మన రైతుల దగ్గర తానే నేర్చుకుని పుస్తకాలు రాశాడని చెప్పారు. ఫైలు చంకన పెట్టుకుని వచ్చి అదంతా అత్తకు అప్పజెప్పాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆమె కొట్టంలో పేడ ఎత్తుతూ విన్నది.

"పంట మనకు, గడ్డి ఎనుముకు, పేడ చేనుకు. నడాన అంగడోడికి ఏం పనప్పా?" అంది.

అత్త నోరు మంచిది కాదు. వారం వారం టమాటాకు మందు కొట్టేవాళ్లను తిట్టేది. కొట్టడం మానేసి మీటింగుల్లో మాట్లాడేవాళ్లను ఇంకా ఎక్కువ తిట్టేది. పుంగనూరులో ఆవు పంచితం సీసాల్లో పోసి అమ్ముతున్నారని తెలిసి, ఆవు వింటే నవ్విపోతుందంది. దిబ్బలో ఎరువు పిడికిట్లో నలిపి వాసన చూసేది. కంపు కొడితే ఇంకా మాగలేదని వదిలేసేది. నేను తరగతుల్లో గొప్పగా చెప్పేది ఇంతే. అంగడి పెట్టిన కొత్తలో ఎవరూ నాకు గింజ ఇవ్వకపోతే, తిట్టుకుంటూనే రెండు మూటల రాగులు బస్సుకెక్కించింది. నేను తినే అన్నం ఆమె పెట్టిందే.

ఆ చేతికి నేనేం చేశానో వినండి. సర్టిఫికెట్ కోసం అత్త పేరున దరఖాస్తు నింపాను. రసాయనాలు ఏ సంవత్సరం మానేశారని అందులో ఒక ప్రశ్న. ఎప్పుడూ వాడలేదని రాస్తే, అలా కుదరదు, ఏదో ఒక సంవత్సరం ఉండాలన్నాడు ఆఫీసులో ఒక మహానుభావుడు. విషం తిని మానినవాడికే పత్రం, తిననివాడికి లేదు. నేనేమో బుద్ధిగా ఒక సంవత్సరం రాసి ఆమె వేలిముద్ర వేయించాను. తర్వాత, ఘనకార్యం చేసినట్టు చెప్పాను కూడా.

అత్త తిట్టలేదు. మెల్లగా అంది: "ఊరంతా యూరియా ఏసేటప్పుడు ఏయలేదని నన్ను పిచ్చిదన్నారు. పడినాను. ఇప్పుడు నేనూ ఏసినానని నువ్వు రాస్తివా? కొట్టేయప్పా దాన్ని."

కొట్టేస్తానన్నాను. కొట్టేస్తే సర్టిఫికెట్ పోతుంది, బెంగళూరు బేరం పోతుంది. నేనెప్పుడు ఇంటికి పోయినా "కొట్టేసినావా?" అని అడిగేది. రేపు, రేపు అంటూ వచ్చాను. ఆ మాట వినలేక ఊరికి పోవడమే తగ్గించాను.

దినాల నాడు ఆర్గానిక్ సంఘం పెద్దలు ఫ్లెక్సీతో దిగారు. రసాయనాలు విడిచిపెట్టి ప్రకృతి బాట పట్టిన ఆదర్శ మహిళ అని ఒకాయన మైకులో చదివాడు, నేను రాసిన సంవత్సరంతో సహా. అత్త కూతురు, మా వదిన, మైకు అడిగి తీసుకుంది.

"మాయమ్మ ఏనాడూ ఏసింది లేదు. ఇంక నిలిపింది యాడిది?"

సంఘం పెద్దలు పొగడ్త అనుకుని చప్పట్లు కొట్టారు. వాళ్లకేమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వదిన నా వైపే చూస్తోంది. లేచి, అబద్ధం నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. తల దించుకుని కూర్చున్నాను.

సంఘం ఆయన మళ్లీ మైకు అందుకుని నేలతల్లి గురించి మొదలుపెట్టాడు. వదిన కొట్టంలోకి పోయి, పేడ గంప నెత్తిన పెట్టుకుని, కుర్చీల మధ్యనుంచే దిబ్బకు నడిచింది. పెద్దమనుషులు ముక్కుకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని జరిగి దారి ఇచ్చారు. గంప నా పక్కకు వచ్చేసరికి నేనూ కాళ్లు వెనక్కి తీసుకున్నాను.