చిన్నపోలయ్య వేసిన దురాయి

చిన్నపోలయ్యకు సముద్రమంటే భయం లేదు, డాక్టరంటే ఉంది. గుండెకు ఆపరేషన్ చేసిన నెల్లూరు డాక్టరు ఇక తెప్ప ఎక్కితే నా దగ్గరకు రావొద్దన్నాడు. ఆ మాటతో అల్లూరు దిక్కున ఉన్న ఆ పాలెంలో పేరుమోసిన వేటగాడు ఇంటి అరుగు మీద కూలబడి, వచ్చేపోయే కోళ్లకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన బాధల్లా చివరి వేట గురించే. ఆ రోజు వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. లాగుతుండగానే గుండె పట్టేసి నీళ్లలో పడిపోయాడు. పక్క పాలెం ఆదెయ్య, వల హద్దుల తగాదాలో వీళ్లతో మాటలు లేని మనిషి, తన వల తనే కోసేసుకుని వచ్చి, జుట్టు పట్టి లాగి ఒడ్డుకు చేర్చాడు. మనిషి దక్కాడు గానీ వేట ఒడ్డుకు రాలేదు. ఎప్పటిలాగే గంప పట్టుకుని ఎదురొచ్చిన పెళ్లాం మాలకొండమ్మ ఖాళీ గంపతో ఇంటికి పోయి, దాన్ని గోడ మేకుకు తగిలించేసింది. ఆ గంప కనబడినప్పుడల్లా ఆయనకు ముద్ద దిగేది కాదు.

కూతురు విజయకుమారి ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఏదో కంపెనీ పని చేస్తుంది. ఆదివారం వస్తే అదే కంప్యూటరులో ఓడదొంగల ఆట ఆడుతుంది. లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో తలా ఒక ఓడ తోలుకుంటూ వచ్చే ఆట అది. చిన్నపోలయ్య వెనక నిలబడి గాలి ఎటుంది, తెరచాప ఎటు పెట్టావని సాధించేవాడు. ఆ పోరు పడలేక ఆ పిల్ల లేచి కుర్చీ ఇచ్చేసింది. దీవిలో దొరికిన పెట్టెను ఒడ్డుకు చేర్చాలి, అంతే ఆట అని చెప్పింది. చిన్నపోలయ్యకు అందులో ‘ఒడ్డుకు’ అన్న మాటొక్కటే వినబడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సరుకుతో ఒడ్డు చేరాలి.

మొదటి ఆదివారం నల్లజెండా ఓడ ఒకటి ఎదురొచ్చింది. సముద్రం మీద పడవ ఎదురైతే ఆగి, వల పడిందా అని అడగడం, తాగేనీళ్లు ఉన్నాయో లేదో కనుక్కోవడం పాలెపోళ్ల మర్యాద. చిన్నపోలయ్య తెరచాప దించి, మైకులో మర్యాదగానే అడిగాడు. వాళ్లు ఫిరంగితో జవాబిచ్చారు. పొరపాటున తగిలించి ఉంటారులే అన్నాడాయన. మరుసటి వారమూ ఆగాడు, మళ్లీ మునిగాడు. ఆ తరువాత నీళ్లలో ఈదుతున్న ఒకణ్ణి పిలిచి మరీ ఎక్కించుకుంటే, వాడు ఎక్కీ ఎక్కగానే ఓడకు నిప్పు పెట్టాడు. చూరు కిందికి రానిచ్చినందుకు చూరే తగలబెట్టాడని మాలకొండమ్మ వంటింట్లోంచి దెప్పింది. వాళ్లంతా దొంగలు నాయనా అని కూతురు నెత్తి కొట్టుకుంది.

“దొంగైతే ఏందమ్మా. నీళ్లలో ఉన్నంతసేపు మనిషేగదా” అన్నాడు చిన్నపోలయ్య.

తరచుగా ముంచే నల్లజెండా ఓడవాడొకడు రేవు మొగలోనే కాపు కాసేవాడు. ఆట కొత్తగా నేర్చుకునే వాళ్లంటే వాడికి మహా ప్రీతి, పిల్లికి ఎలకంటే ఉండే ప్రీతి. ఒకనాడు వాడు తెలుగులో తిట్టాడు. పేరు నరేంద్రబాబు, కావలిలో సెల్‌ఫోన్ల కొట్టు. మనవాడేనని తెలిసేసరికి చిన్నపోలయ్యకు ప్రాణం లేచొచ్చింది. పాలెంలో పెత్తనం చేసే పెద్దకాపులు దురాయి వేస్తే, అంటే ఫలానా పని ఎవరూ చేయకూడదని కట్టడి చేస్తే, ఎంతటివాడైనా మీరడు. ఈ రేవులో కొత్తోళ్ల జోలికి ఎవరూ పోగూడదని ఆయన అక్కడికక్కడే దురాయి వేశాడు. నరేంద్రబాబు కడుపుబ్బ నవ్వి, ఆనక ముంచాడు.

ఎట్టకేలకు ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నపోలయ్య పెట్టెతో రేవు కనబడేదాకా వచ్చాడు. నరేంద్రబాబు అడ్డం రాలేదు. రావడానికి వాడి ఓడ ఉంటేగా! ఎవరో పెద్ద ఓడవాళ్లు వాణ్ణి అప్పుడే ముంచేసి పోతున్నారు. వాడు నీళ్లలో, చుట్టూ సొరచేపలు. వచ్చి ఎక్కించుకోమని మైకులో బతిమాలుతున్నాడు. పోనీ నాయనా, రేవు ఇదిగో అంది విజయకుమారి. చిన్నపోలయ్య రేవు వైపు చూశాడు. ఏడుపొచ్చింది ఆయనకు. ఏడుస్తూనే చుక్కాని తిప్పాడు.

వాణ్ణి ఎక్కించుకునే లోపే పెద్ద ఓడ వెనక్కి తిరిగి ఈయన్నీ ముంచింది. పెట్టె పోయింది. ఇద్దరూ నీళ్లలో తేలారు.

“రేవు దగ్గరకొచ్చి ఎందుకు తిరుక్కున్నావు పెద్దాయనా?” అన్నాడు నరేంద్రబాబు.

“నీళ్లలో ఉండావు గదరా” అన్నాడు చిన్నపోలయ్య. అంతకు మించి ఆయన దగ్గర కారణమేమీ లేదు.

మరుసటి ఆదివారం మళ్లీ పెట్టెతో వస్తుంటే రేవు మొగలో అదే నల్లజెండా. విజయకుమారి కళ్లు మూసుకుంది. చిన్నపోలయ్య మాత్రం మామూలుగానే తెరచాప దించాడు. ఫిరంగి పేలలేదు.

“వల పడిందా పెద్దాయనా?” అని అడిగింది మైకులో గొంతు. “నీ దురాయికి కట్టుబడినాంలే. పద, వెనక నేనుంటా.”

ఇన్ని ఆదివారాలుగా ఆ పలకరింపు ఆయన ఒక్కడే పలికాడు. మొదటిసారి ఇంకొకరి నోట విన్నాడు. దించిన తెరచాప గబగబా ఎత్తాడు. పెట్టెను రేవు గట్టు మీద దించాడు. దించగానే, ఒడ్డుకొచ్చిందే అని వీధి చివరిదాకా వినబడేలా కేకేశాడు.

ఆ కేక వినగానే మాలకొండమ్మ కొంగు బిగించి, మేకు మీది గంప అందుకుని పరుగున వచ్చేసింది. వచ్చాక గానీ ఏం చేసిందో ఆమెకే తెలియలేదు. గంప చూసుకుంది, కంప్యూటరు చూసింది, మొగుడి మొహం చూసింది. తిట్టబోయి ఊరుకుంది.

“ఏం పడినాయి మావా?” అంది.

“కానాగంతలు” అన్నాడు చిన్నపోలయ్య.

మాలకొండమ్మ గంప దించి ఆయన పక్కన కూర్చుంది.