మూడో పేజీ మీద సంతకం: తెనాలి నుంచి బాపట్ల మీదుగా రేపల్లె

హారిక నా కూతురి కూతురు. ఇరవై ఒక్కేళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, తెనాలిలో నా దగ్గరే ఉండి సోలార్ ప్యానెళ్ళు బిగించే పని నేర్చుకుంటోంది. ఈ శిక్షణను మూడు ఊళ్ళవాళ్ళు కలిసి నడుపుతున్నారు: పాఠాలు తెనాలిలో, డాబా మీద సాధన బాపట్లలో, అసలు పని రేపల్లెలో ఒక ఐస్ ఫ్యాక్టరీ కప్పు మీద. సగం సీట్లు ఆడవాళ్ళకు. రేపల్లె పంపాలంటే దరఖాస్తు మూడో పేజీలో ఉన్న ‘కుటుంబ పెద్ద అంగీకారం’ కింద సంతకం కావాలి. శనివారం సాయంత్రం నాలుగింటిలోగా అక్కడ ఇవ్వకపోతే చోటు వేరేవాళ్ళకు పోతుంది. మా అమ్మాయీ అల్లుడూ “నువ్వు చూసి సరేనంటే మాకూ సరే” అని నిర్ణయం నాకే వదిలేశారు. చూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. నిజం చెప్పాలంటే, పెట్టకుండా ఉండడానికి ఏదైనా కారణం దొరికితే బాగుండునని కూడా అనుకున్నాను. అందుకే ఆ శనివారమే మూడు ఊళ్ళూ ఒకే రోజు చూడాలని బయలుదేరాం.

ఉదయం ఏడు దాటాక తెనాలిలో ప్యాసింజరు ఎక్కాం. మనిషికి పదిహేను రూపాయలు, గంటలోపు ప్రయాణం. బాపట్ల స్టేషను బయట ఆటో అబ్బాయి మమ్మల్ని చూసి “సూర్యలంక బీచికాండీ?” అన్నాడు.

“కాదు నాయనా, డాబా ఎక్కడానికి.”

“మీరా, మామ్మగారూ?” అని నవ్వాడు. యాభై రూపాయలు తీసుకుని సాధన జరిగే భవనం దగ్గర దించాడు.

రెండంతస్తుల డాబా. గోడకు ఇనుప నిచ్చెన. ఇరవై ఆరు మెట్లు. హారిక ఎక్కుతుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర హుక్కు. నేర్పే మస్తాన్ గారు నెమ్మదైన మనిషి. నన్ను మెట్ల దారిన పైకి తీసుకెళ్ళి నీడలో కుర్చీ వేయించారు. పదిన్నరకు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. అప్పటికే హారికా, తోటి కుర్రాడొకడూ చెరో వైపు ప్యానెల్ పట్టుకున్నారు. అది గాలికి ఊగింది. నేను కుర్చీలోంచి లేచాను.

“ఆపుదాం. దించు,” అంది హారిక.

“భయమేస్తే కిందికెళ్ళి కూర్చో,” అన్నాడు కుర్రాడు.

“భయమే. దించు ముందు.”

వీళ్ళతోపాటే నేర్చుకుంటూ, పక్కన నట్లు బిగిస్తున్న మరియమ్మ తలెత్తింది. ఆమెది రేపల్లె అవతల అడవులదీవి, చేపలు పట్టే కుటుంబం, ఇద్దరు పిల్లల తల్లి. “తెరచాప లాంటిది తమ్ముడూ ఇది. గాలి పట్టిందంటే నిన్నూ, నీ మీసాన్నీ కలిపి తీసుకుపోద్ది,” అంది. మస్తాన్ గారు ప్యానెల్ దింపించి, గాలి తగ్గేదాకా పని ఆపించారు. హారిక చెప్పింది సరైన మాటేనని తెలిసింది. అయినా నా భయం పోలేదు. రేపల్లెలో ఆపమంటే వినేవాళ్ళు ఉంటారా?

పన్నెండు లోపు రేపల్లె బస్సెక్కాం. మరియమ్మ కూడా ఇంటికి వెళుతూ మాతోనే వచ్చింది. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, ఆధార్ చూపించాలి. చెరుకుపల్లి మీదుగా గంటా ముప్పావు పట్టింది. ఆమె కాగితం కిందటి వారమే ఇచ్చేసిందట.

“మా ఆయన సముద్రం మీదికెళ్ళాడండీ. ఆయనొచ్చేదాకా వారం ఆగాల్సొచ్చింది. నిచ్చెనెక్కేది నేను, వేలిముద్ర ఆయనది!” అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బస్టాండు దగ్గర భోజనం వంద రూపాయలు. వడ్డించే ఆవిడ “పప్పు అలాగే వదిలేశారేంటండీ, బాలేదా?” అని అడిగింది. బాగానే ఉంది, దిగలేదంతే.

ఐస్ ఫ్యాక్టరీ కప్పు బాపట్ల డాబా కన్నా ఎత్తు, పైగా వాలు రేకులు. ఆఫీసులో కాగితాలు తీసుకునే యువకుడు మర్యాదస్థుడే. బల్ల మీద ఒక మగపిల్లవాడి దరఖాస్తు ఉంది. రెండే పేజీలు.

“మూడోది ఏదండీ?” అన్నాను.

“అబ్బాయిలకు అక్కర్లేదండి. ఆడపిల్లలు కదా, రేపు ఇంట్లోవాళ్ళొచ్చి గొడవ చేస్తే మాకు ఇబ్బంది.”

“పడితే దెబ్బ ఇద్దరికీ ఒకటే కదా?”

అతను తెనాలికి ఫోన్ చేశాడు. బాపట్ల వాళ్ళనడగమన్నారు. బాపట్లకు చేస్తే, రేపల్లెలోనే తేల్చుకోమన్నారు. మూడూ నలభై అయింది.

“అమ్మమ్మా, పెట్టెయ్యవా? నా చోటు పోద్ది,” అంది హారిక. 

పెన్ను నా చేతిలోనే ఉంది. పెట్టడం పెద్ద పని కాదు. కానీ ఇవాళ నేను పెడితే, ఎప్పుడో ఒక గాలి రోజున వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. తీసుకుంటాను కూడా, నా సంగతి నాకు తెలుసు. హారికను కిందికి లాగడానికి నా చేతిలో ఉన్న తాడు ఆ సంతకమొక్కటే. పెన్ను హారికకిచ్చాను.

“చదివి, నువ్వే పెట్టు.”

పెట్టింది. అతను తటపటాయించాడు. “తీసుకోండి సార్,” అంది మాతోపాటే ఆఫీసుకొచ్చిన మరియమ్మ. “మా ఆయన చదవకుండా వేసిన వేలిముద్ర తీసుకున్నారుగా!” అతను ముద్ర వేసి, “పైవాళ్ళు కాదంటే సోమవారం ఫోన్ చేస్తానండి,” అన్నాడు. సాయంత్రం రైల్లో తెనాలి చేరాం, గంటకు పైగా పట్టింది.

సోమవారం ఫోన్ రాలేదు. హారిక రేపల్లె కప్పెక్కింది. ఇలాంటి పనుల్లోకి ఆడపిల్లల్ని తీసుకురావడానికి మూడు ఊళ్ళు చేతులు కలపడం మంచిదే. వాళ్ళు సీట్లిచ్చారు, బెల్టులిచ్చారు, బస్సు ఉచితమైంది. ఆ ఒక్క పేజీ మాత్రం మాలాంటి ఇంటివాళ్ళ చేతిలో ఉంచారు. నా వంతుగా నేను వదిలేశాను. ధైర్యం వచ్చి కాదు. ఇప్పటికీ కిటికీ రెక్క టపటపమంటే పొయ్యి కట్టేసి గుమ్మంలోకి వస్తాను.

మీ పిల్లల పని చూడాలని వెళ్ళేవాళ్ళకు ఒక సూచన. పొద్దున్నే చూసి తిరిగి రాకండి, అప్పుడు గాలి ఉండదు. పది దాటాక చూడండి. ఎంత భయమేసినా, నిచ్చెన మీద ఉన్న మనిషిని కింద నుంచి పేరు పెట్టి పిలవకండి.