పట్టాలు లేని ఊరికి కరెంటు ఇంజను

గురువారం, మధ్యాహ్నం మూడున్నర గంటలు. మండే ఎండాకాలం. కల్లూరు నుంచి పెనుబల్లి పోయే రోడ్డు మీద, మా ఊరికి మట్టిబాట చీలే చోట, ఎర్రరంగు రైలింజను ఒకటి పెళ్ళికొడుకు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. మా ఊరికి పట్టాలు లేవు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఏ ఊరికీ లేవు. రైలు చూడాలంటే ఖమ్మమైనా పోవాలి, కొత్తగూడెమైనా పోవాలి. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి సెల్‌ఫోన్లు వచ్చాయి, సిగ్నలు కోసం వాళ్ళు వాటర్ ట్యాంకు ఎక్కేవాళ్ళు. అలాంటి ఊరికి రైలింజను తెచ్చిన మనిషిని నేను. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకోవచ్చు. అనుకోండి. గొప్ప పనే చేశాను.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నాను (మా పంతులమ్మ నా చిన్న చెల్లెలి ఈడుది, అయినా తప్పు రాస్తే అందరిముందు లేచి నిలబడమనేది, నిలబడేవాణ్ణి). మా చెల్లెలి పెళ్ళి నాటికి నేను ఖమ్మం మిర్చి యార్డులో హమాలీని. సీజనులో రోజంతా ఘాటు పీల్చి, పని దొరకని పూట స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాణ్ణి. చదువు రానివాడికి స్టేషనులో బోర్డులన్నీ ఒకటే. ఏ రైలు ఎక్కడిదో బోర్డు చెప్పదు, మైకులో చెప్పేది సగం వినపడదు. అందుకని నేను ఇంజన్ల ముఖాలు చూసేవాణ్ణి. చూడగా చూడగా ఏది అందగత్తె, ఏది మొద్దు అని నాకు లోపల ఒక తీర్పు ఏర్పడింది. ఆ తీర్పు ఇవాళ్టికీ మారలేదు.

బొగ్గింజన్లలో చాలావాటిది బర్రె ముఖం. నలుపు, గుండు, ఊరికే బుసలు. కానీ చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరికి పోతూ డోర్నకల్లులో ఒకదాన్ని చూశాను. ముందు ముక్కు కొనదేలి, ఆ ముక్కు మీద వెండి నక్షత్రం పెట్టుకుని వచ్చింది. చక్రాల పక్కన కడ్డీలు ఆడుతుంటే పెద్దమనిషి మోచేతులు ఊపుతూ నడిచినట్టుంది. అమ్మ చెయ్యి వదిలేసి దాని వెంట పరిగెత్తి వీపు వాచేలా తన్నులు తిన్నాను. ఆ తన్నులు దండగ కాదు. డీజిలింజనుది పొడుగు ముక్కు. ఆ ముక్కు ముందుంచుకుని వస్తే, తిరగేసి కట్టిన బండిలా ఉంటుంది. ఒంటరిగా దానికి అందం తక్కువే. కానీ రెంటిని జతకట్టి మణుగూరు వైపు అడవిలోంచి బొగ్గు లాగిస్తే అప్పుడు చూడాలి. మేలుజాతి కోడెల జత కూడా దాని ముందు దిగదుడుపు. ఇక కరెంటింజను. కొత్తగా తెల్లవి వచ్చాయి, ముఖం వాలుగా ఉంటుంది, బాగానే ఉంటాయి, పౌడరు ఎక్కువ రాసుకున్నట్టు. నా మనసు మాత్రం ఎర్రదాని మీదే. నిటారు ముఖం, రెండు పెద్ద అద్దాల కళ్ళు, నడుముకు మీగడ రంగు పట్టీ, నెత్తిమీద తీగను పట్టుకునే ఇనప చెయ్యి. దర్జా అంటే అది. (దాని పేరు డబ్ల్యూఏపీ-4 అని, చదువు వచ్చాక దాని ఒంటిమీదే కూడబలుక్కుని చదివాను. అప్పటిదాకా నాకది ఎర్రపిల్ల.)

మా చెల్లెలికి డోర్నకల్లు సంబంధం కుదిరింది. పిల్లవాడు గూడ్సు బండి మీద అసిస్టెంటు డ్రైవరు. నెమ్మదస్తుడు. నెమ్మది లేనిది వాళ్ళ పెదనాన్న. బొగ్గింజను నడిపి రిటైరైన మనిషి, నాకు వరసకు మామ. ప్రధానం రోజు పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నారో లేదో, ఈయన మొదలుపెట్టాడు.

“ఏందల్లుడా, ఖమ్మం దాటినంక మాకు రైలు కూతే వినపడలే. రైలు మొఖం తెల్వని ఊరికి మా ఇంజను పిల్లగాణ్ణి ఎట్ల తోలుడు?”

అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. నాకు మండింది. “మామా, నీ పిల్లగాణ్ణి రోడ్డుకాడి నుంచి చర్చి దాక రైలింజను మీదనే తీస్కపోత, చూసుకో” అనేశాను.

“అది ఇంజను లెక్క ఉన్నదో లేదో ఎవడు చెప్పాలె?”

“నువ్వే చెప్పు.”

“చెప్త. లేకపోతే మాత్రం ఆనాటి నుంచి నువ్వు బోగీవి. పెండ్లికి బోగీ వచ్చిండంట, చావుకు బోగీ వచ్చిండంట, గట్లనే పిలుస్తం. నీ పిల్లలు డబ్బాలు.”

మీకిది చిన్న విషయంగా కనబడవచ్చు. మా వైపు ఒకసారి పేరు పడితే రేషను కార్డులో పేరు ఎవరికీ గుర్తుండదు. మా వీధిలో ఒకాయన పెళ్ళివిందులో ఒక్కసారి పప్పు మారు అడిగాడు, ఆయన మనవడు ఇప్పటికీ పప్పుగారి మనవడే. నాకు ముగ్గురు పిల్లలు. డబ్బాలు కానిస్తానా?

బండి కోసం గుంటూరాయన దగ్గరికి పోయాను. వాళ్ళ నాన్న అటువైపు నుంచి వచ్చి మా ఊళ్ళో పొలాలు కొన్నాడు కాబట్టి, ఈయన ఇక్కడే పుట్టినా గుంటూరాయనే. ట్రాక్టరు ఇస్తానన్నాడు, ఇస్తూ సలహా కూడా ఇచ్చాడు. “డీజిలింజను చెయ్యవయ్యా. ట్రాక్టరు ఎటూ డీజిలే, చప్పుడు కూడా సరిపోద్ది.” మా నాయనది ఇంకో గోల. “పొగ లేంది అదేం ఇంజన్రా? బొగ్గింజను చెయ్యి. డ్రమ్ముల పచ్చిగడ్డి కాలబెడ్త, ఊరంత పొగ గావాలె.” ఇద్దరికీ ఒకటే చెప్పాను, నేను ఎర్రపిల్లనే చేస్తానని. యార్డు నుంచి పాత మిర్చి గోతాలు తెచ్చి, ట్రాక్టరు చుట్టూ వెదురు చట్రం కట్టి, వాటిని బిగించి కుట్టాను. పైన కాగితాలు అంటించి ఎర్రరంగు, మీగడ పట్టీ వేశాను. గోతాల్లో మిగిలిన కారానికి రంగు వేసిన నేనూ, పక్కన నిలబడి వంకలు పెట్టిన నాయనా పొద్దున్నుంచి సాయంత్రం దాకా తుమ్మాం. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, “అన్నా, నాకు పెండ్లి చేస్తున్నవా, ఇంజనుకు చేస్తున్నవా?” అని అడిగింది. ఇంజనుకే అన్నాను. నిజం చెప్పడం నా అలవాటు.

నెత్తిమీది చెయ్యి దగ్గరే నా పనితనమంతా. రెండు ఇనప మడతకుర్చీల గుడ్డ ఊడదీసి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, తీగతో కదలకుండా బిగించాను. ఖమ్మం ప్లాట్‌ఫారం మీద కనబడే చెయ్యి అచ్చంగా దిగివచ్చింది.

ఇదిగో, గురువారం మూడున్నర. మగపెళ్ళివారి జీపులు ఆగాయి. మామ దిగాడు. దిగి వరసలు పలకరించలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఇంజను చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. చక్రాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు (ట్రాక్టరు టైరు, ఏం వినబడిందో ఆయనకే తెలియాలి). “బఫర్లు దేంతోని చేసినవ్?” అన్నాడు, ఇంజను ముందున్న రెండు గుండ్రటి దిమ్మలు చూపించి. “అన్నం బేసిన్లు మామా, నల్లరంగేసిన” అన్నాను. “ఊఁ” అన్నాడు. ఆ ఊఁ విని నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడు మోపెడ్ మీద మా ఊరి లైన్‌మన్ వచ్చాడు. అతన్ని అందరం ఫ్యూజు అనేవాళ్ళం.

“ఆపున్రి! ఓ అన్నా, నెత్తిన గదేంది?”

“ఇంజను చెయ్యి.”

“ఇనుమా?”

“మడతకుర్చీలు.”

“ఇనుమే గదా! మన వీధి తీగలు నీ నెత్తికి తగిలేటట్టు ఏలాడుతున్నయి. తీగ తగిలిందో, చర్చికి కాదు, అందరం కలిసి సమాధుల దొడ్డికి పోతం. దించెయ్ జల్దీ.”

ఇన్ని రోజులు ఆకాశం చూస్తూ చెయ్యి కట్టాను కానీ ఆకాశానికీ నాకూ మధ్య తీగలున్నాయన్న సంగతే తట్టలేదు. మామ ముఖం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యి వేశాడు. “దించెయ్ అల్లుడా, భయమెందుకు. కరెంటింజను చెయ్యి దించినంక ఏమైతదో ఎరికేనా?”

“ఏమైతది?”

“బోగీ అయితది.”

మగపెళ్ళివారు గొల్లుమన్నారు. జీపులో ఎవరో అప్పుడే “బోగీ బావా!” అని కేకేశారు కూడా. పైకి చూశాను, నా ఇనప చెయ్యి ఎండలో మెరుస్తోంది. కిందికి చూశాను, ఫ్యూజు బెల్టుకు కటింగ్ ప్లేయరు వేలాడుతోంది. వినాయకుడి ఊరేగింపప్పుడు ఏం చేస్తారో గుర్తొచ్చింది.

“చెయ్యి దించ. నువ్వు కరెంటే తీసెయ్” అన్నాను ఫ్యూజుతో.

మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. “కరెంటింజను నడవాలంటే కరెంటు తియ్యాల్నా? నా సర్వీసుల గిట్లాంటిది చూడలే!” ఆయన నవ్వు ఆగకముందే, ట్రాక్టరు వెంట వచ్చిన గుంటూరాయన అందుకున్నాడు. “అదేంటయ్యా! నా మోటారుకి వీధులకి ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. పగలు ఇచ్చేదే కాస్త కరెంటు, అది కూడా తీసేస్తే నా చెరుకు ఏం తాగుద్ది? ట్రాక్టరు ఇచ్చాను, ఇప్పుడు నీళ్ళు కూడా ఇయ్యాలా?”

బతిమాలడం నాకు చేతకాదు. కానీ ఆయన కళ్ళు ట్రాక్టరు సీటు మీద ఉండటం చూశాను. “అన్నా, డ్రైవరుగ నువ్వే కూసో. పెండ్లికొడుకు నీ పక్కన అసిస్టెంటు” అన్నాను. ఆయన చొక్కా సర్దుకున్నాడు. “చెరుకేముందిలే, రేపు తాగుద్ది” అని పంచె పైకి కట్టి ఎక్కి కూర్చున్నాడు. ఫ్యూజు తల బాదుకుంటూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయాడు. అది చర్చి పక్కనే. స్విచ్ లాగేశాక అక్కణ్ణుంచి విజిలు ఊదాడు.

ఇంజను కదిలింది. బ్యాండువాళ్ళలో ఇద్దరు ముందు నిలబడి ఒకేసారి బూరలు ఊదితే అచ్చం కరెంటింజను కూత. నేను పొడుగాటి వెదురు గడతో ముందు నడుస్తూ, వేలాడే తీగ వచ్చినప్పుడల్లా పైకి ఎత్తిపట్టాను. నేను అనుకోనిది అప్పుడు జరిగింది. మధ్యాహ్నం నిద్రలో ఉన్న ఊరికి ఉన్నట్టుండి ఫ్యాన్లు ఆగిపోయాయి, టీవీలు ఆగిపోయాయి. కరెంటువాణ్ణి తిట్టడానికి ప్రతి ఇంటి నుంచీ జనం బయటికొచ్చారు. వచ్చి, తిట్టబోయి, ఎదురుగా ఎర్రింజను చూసి నోళ్ళు తెరిచారు. పిలవనివాళ్ళు వచ్చారు, మాతో మాట్లాడనివాళ్ళు వచ్చారు, మంచానపడ్డ ముసలమ్మ కూడా మనవరాళ్ళ భుజాలు పట్టుకుని వచ్చింది. అంత జనం మా ఊళ్ళో ఏ పెళ్ళికీ రాలేదు, ఎలక్షను మీటింగుకూ రాలేదు. “అగ్గో, గిదే రైలు!” అంటూ వెంట నడిచారు. పెళ్ళికొడుకు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచాడు. “బావా, నేను నడిపే ఇంజనుకు గింత కొత్త రంగు ఏనాడూ చూడలే.”

చర్చి ముందు ఆఖరి తీగ దాటింది. ఇంజను గేటులో ఆగింది. ఫ్యూజు స్విచ్ పైకి నెట్టాడు. అంతే, చర్చి మీది సీరియల్ బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి, లోపల ఫ్యాన్లు తిరిగాయి, మధ్యలో ఆగిపోయిన కీర్తన మైకులో ఆగిన చోటు నుంచే అందుకుంది. జనం ఈలలు, చప్పట్లు. చెమటతో తడిసి ముద్దయిన పాస్టరుగారు బయటికొచ్చి ఇంజనుకే రెండు చేతులూ ఎత్తారు.

అందరూ మామ వైపు తిరిగారు. ఆయన మళ్ళీ ఒకసారి ఇంజను చుట్టూ తిరిగాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

“అల్లుడా, మా కరెంటింజన్లు కరెంటు తింటయి” అన్నాడు. “నీది కరెంటు తెచ్చింది. ఇది ఇంజనే.”

ఆ పూట నుంచి డోర్నకల్లులో నా పేరు ఇంజనల్లుడు. నా పిల్లలు ఇంజనుగారి పిల్లలు. ఖమ్మం స్టేషనులో ఇప్పటికీ నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళున్నారు, పిలిస్తే తలెత్తే తిరుగుతాను.

ఆ రోజు అక్కడున్నవాళ్ళను చెప్పి ముగిస్తాను. డ్రైవరు సీట్లో గుంటూరాయన, కూత వేయడానికి బూరలవాళ్ళు ఇద్దరు. కిటికీలో పెళ్ళికొడుకు, మా బామ్మర్ది. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రాలీలో పచ్చిగడ్డి డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని, ఎవరు వద్దన్నా వినకుండా పొగబెట్టిన మా నాయన. ఆయన పక్కన దగ్గుతూ కూర్చున్న మామ భార్య, మా అత్త. చర్చి మెట్ల మీద పాస్టరుగారు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు. పెళ్ళికూతురు తల దించుకోవాలన్న మాట మరిచిపోయి చర్చి కిటికీకి వేలాడి చూసిన మా చెల్లెలు. జీపు వదిలేసి ఇంజను వెనక నడిచొచ్చిన మామ. అందరికన్నా ముందు, చేతిలో వెదురు గడ, తల నిండా నల్లటి జుట్టు, కాళ్ళ కింద ఏముందో చూసుకోకుండా పైకే చూస్తూ నడిచిన నేను.